ఆపరేషన్ అయిన కంట్లో తేనె వేయకండి

ఈ మెసేజ్ నాకు రావడం ఈ వారంలో ఇది నాలుగోసారి. ఈసారి పంపింది బరంపురంలోని మా బావ. "శుక్లం ఆపరేషన్ తర్వాత మసకగా ఉంటే 3 నెలలు ఆగండి, అదే పోతుంది. రోజూ చుక్క తేనె వేయండి. ఆస్పత్రి చుక్కలు స్టెరాయిడ్లు, మానేయండి. వంకాయ తినకండి. మసక పోకపోతే లెన్సు నాసిరకం."

వంకాయ తినొచ్చు. దాని సంగతి అంతే.

మసక అనగానే లెన్సును తిట్టడమెందుకు? కంటి ముందు అద్దంలా ఉండే పొర కార్నియా. దాని లోపలి పొరలోని కణాలు నీటిని ఎప్పటికప్పుడు బయటికి తోడేస్తుంటాయి. ఆపరేషన్‌లో కొన్ని పోతాయి, పోయినవి మళ్లీ పుట్టవు. అవి ముందే తక్కువున్నా, శుక్లం ముదిరి గట్టిపడినా కార్నియాకు నీరు పట్టొచ్చు. ఒడిశాలోని పర్లాకిమిడిలో మా పెద్దమ్మకు అదే జరిగింది. పొద్దున గోడ మీది క్యాలెండర్ అంకెలు ఆనేవి కావు, మధ్యాహ్నానికి తేటపడేవి. రాత్రంతా రెప్ప మూసి ఉంటే ఆ నీరు ఆరదు మరి. డాక్టర్ 5 శాతం ఉప్పు చుక్కలు రాశారు, మూడు వారాల్లో తగ్గింది. అందరికీ ఇలా తగ్గదు. లోపలి పొర ఊడితే గాలిబుడగ ఎక్కించి అతికించాలి, కణాలు మరీ తగ్గిపోతే పొరే మార్చాలి. చూపించుకోకుండా 3 నెలలు ఆగితే ఇవన్నీ ఎవరు కనిపెడతారు?

ఇక తేనె. పెద్దమ్మ వంటింట్లో ఆ సీసా నేను చూశాను. సంతలో కొన్నది. మూత చుట్టూ చీమలు, అడుగున మైనం ముక్కలు. దాన్ని, కోత ఇంకా పచ్చిగా ఉన్న కంట్లో వేయమంటారా? చాలామందికి ఆ కోతకు కుట్లు కూడా ఉండవు. అందులోంచి క్రిములు లోపలికి పోతే చీము పడుతుంది, గంటల్లో చూపు పోవచ్చు. మందులతో తగ్గినా కార్నియా మీద తెల్లమచ్చ మిగిలిపోవచ్చు. ఇది రాసినవాళ్లు తమ తల్లి కంట్లో వేస్తారా?

స్టెరాయిడ్ భయం మాత్రం ఉత్తది కాదు, ఒప్పుకుంటాను. చూపించుకోకుండా నెలల తరబడి వాడితే కంటి ఒత్తిడి పెరగొచ్చు, ఫంగస్ పుండు ఉంటే ముదురుతుంది. అలాగని మనంతట మనం మానేస్తే వాపు తిరగబెట్టొచ్చు. డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

ఇలాంటివి ఎందుకు నమ్ముతారో కూడా తెలుసు. పెద్దమ్మకిచ్చిన చీటీ ఇంగ్లీషులో ఉంది, నర్సు ఒడియాలో చెప్పింది. ఆమెకు వచ్చిన చదువు తెలుగొక్కటే. క్యాలెండర్ కాగితం వెనక నేనే పెద్దక్షరాలతో రాసిచ్చాను: నొప్పి, ఎరుపు, చూపు తగ్గడం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఆస్పత్రికి.

బావా, ఆ కాగితం ఫొటో పంపుతున్నాను. ఆ మెసేజ్ ఎవరెవరికి పంపావో వాళ్లందరికీ ఇది కూడా పంపు.