కొడుకు పేరు ఎంఆర్2

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత టొయోటా ఎంఆర్2కి అతికినట్టు సరిపోతుంది. ఈ బుల్లి స్పోర్ట్స్ కారు ఉత్పత్తి 2007లో ఆగిపోయింది. అప్పట్నుంచీ అది ‘మళ్లీ వస్తూనే’ ఉంది. ఎవరో కంప్యూటర్లో ఓ ఊహాచిత్రం గీస్తారు, ఎక్కడో ట్రేడ్‌మార్క్ దరఖాస్తు కనబడుతుంది, ఇక వార్త తయారు. ఇప్పుడు మళ్లీ అదే పుకారు.

ట్రేడ్‌మార్క్‌ని నేను పెద్దగా పట్టించుకోను. కారు తీసే ఉద్దేశం లేకపోయినా పాత పేరు ఇంకొకరి చేతిలో పడకుండా కంపెనీలు రిజిస్టర్ చేసి దాచుకుంటాయి. పోనీ పేరు తిరిగొచ్చినా కారు తిరిగొచ్చినట్టేం కాదు. ఒకప్పటి ఫోర్డ్ కాప్రి రెండు తలుపుల కూపే, 2024లో అదే పేరుతో దిగింది ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ. అసలు ఎంఆర్2 పేరు టొయోటాకే అంత పవిత్రమైనది కాదు. ఫ్రెంచిలో పలికితే బూతులా వినబడుతుందని ఫ్రాన్స్‌లో ‘2’ తీసేసి ఎంఆర్ అనే అమ్మింది.

చూడాల్సింది ఇంజిన్ సంగతి. 1984 నాటి మొదటి ఎంఆర్2 కిటుకంతా అక్కడే ఉంది. ముందు చక్రాలు తిప్పే కరోలా తరహా ఇంజిన్‌నీ గేర్‌బాక్స్‌నీ కలిపి ఎత్తి, సీట్ల వెనక అడ్డంగా పెట్టారు. 1.6 లీటర్లు, 16 వాల్వులు. మధ్యలో ఇంజినంటే ఫెరారీల వ్యవహారమనుకునే రోజుల్లో, ఇంట్లో ఉన్న సరుకుతోనే పని కానిచ్చారు. 1999లో వచ్చిన మూడో తరానిదీ అదే దారి: సాధారణ టొయోటాల్లో వాడే 1.8 లీటర్ల ఇంజిన్, దాదాపు టన్ను బరువు. డిక్కీ అని చెప్పుకోడానికి ఏమీ లేదు. ముందు బానెట్ ఎత్తితే స్టెప్నీ పలకరిస్తుంది. సంచి పెట్టాలంటే సీటు ముందుకు వంచి వెనకున్న చిన్న అరలో కుక్కాలి. అయినా దాన్ని నడిపినవాళ్లు ఇప్పటికీ మరిచిపోలేదు.

ఈసారి పుకారుకు కాస్త బరువుందని ఒప్పుకోవాలి. 2025 జనవరిలో టోక్యో ఆటో సెలూన్‌లో టొయోటా జీఆర్ (దాని రేసింగ్ విభాగం) యారిస్ ఎం అనే ప్రయోగాత్మక కారు చూపించింది, యారిస్ అనే చిన్న కారే దానికి ఆధారం. వెనక సీటుండాల్సిన చోట 2 లీటర్ల కొత్త టర్బో ఇంజిన్ కూర్చుంది. రేసుల్లో పరీక్షించడానికే అన్నారు గానీ, ఒక్క రేసు కారు కోసం ఎవరూ కొత్త ఇంజిన్ తయారుచేయరు. జపాన్‌లో మోటోమాచిలోని జీఆర్ ఫ్యాక్టరీలో మామూలు కన్వేయర్ వరుస లేకుండా తక్కువ సంఖ్యలో కార్లు కట్టే ఏర్పాటూ ఉంది. పైగా ఛైర్మన్ అకియో టొయోడా స్వయంగా హెల్మెట్ పెట్టుకుని రేసులకు దిగే మనిషి.

అయితే చూపించిందల్లా అమ్మకానికి రాదు. 2015 టోక్యో షోలో ముద్దొచ్చే బుల్లి స్పోర్ట్స్ కారు నమూనా ఎస్-ఎఫ్‌ఆర్ కనబడింది, అక్కడితో సరి. కొత్త భద్రతా నిబంధనల దెబ్బకు టొయోటా స్పోర్ట్స్ కారు జీఆర్86 యూరప్‌లో రెండేళ్లకు మించి నిలదొక్కుకోలేక 2024లో వెనుదిరిగింది. 2017లో ఫ్రెంచి స్పోర్ట్స్ కారు ఆల్పైన్ ఏ110 అద్భుతంగా తిరిగొచ్చింది, నిజమే. మధ్యలో 1.8 టర్బో, సుమారు 1,100 కిలోలే. కానీ ఆ తేలికదనం దానికోసమే ప్రత్యేకంగా చేసిన అల్యూమినియం బాడీ వల్ల వచ్చింది, అది చవక వ్యవహారం కాదు.

నా అనుమానమల్లా ఆ 2 లీటర్ల టర్బో మీదే. శక్తి పెరిగితే పెద్ద రేడియేటర్లు, పెద్ద బ్రేకులు, వెడల్పు టైర్లు వెంటబెట్టుకొస్తుంది. బరువూ ధరా వాటి వెనకే ఎక్కుతాయి. 1989 నాటి రెండో తరం ఎంఆర్2కి టర్బో బిగిస్తే జరిగింది గుర్తుందిగా: మలుపు మధ్యలో యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చాలు, వెనక భాగం గిర్రున తిరిగేది. తర్వాత సస్పెన్షన్ మార్చాల్సి వచ్చింది. నన్నడిగితే జీఆర్ యారిస్‌లోని 1.6 లీటర్ల మూడు సిలిండర్ల ఇంజినే చాలు, అదే ఎక్కువ.

ముఖం కప్పుకోడానికి నలుపు తెలుపు చారల స్టిక్కర్లేసుకుని, తలుపుల వెనక గాలి రంధ్రాలతో ఓ పొట్టి టెస్ట్ కారు రోడ్డు మీద ఫొటోకి దొరికిన రోజున నేనూ నమ్ముతాను. పేరేంటని మాత్రం అడగను, ఎన్ని కిలోలని అడుగుతాను.