మ్యూనిక్ నుంచి బ్రెన్నర్ మీదుగా: టైర్ల సంగతి సరిదిద్దాలి

డిసెంబరులో కారులో మ్యూనిక్ నుంచి ఆస్ట్రియా, ఇటలీ సరిహద్దులోని బ్రెన్నర్ కనుమ మీదుగా ఇటలీ వెళ్లేవాళ్లకి సలహాలిస్తూ వచ్చిన వ్యాసం ఉపయోగపడుతుంది. కానీ అందులో 'ఎం ప్లస్ ఎస్ (బురదకీ మంచుకీ అని సూచించే M+S గుర్తున్న) టైర్లు చాలు' అన్నది ఇప్పుడు తప్పు. మంచు రోడ్ల మీద జర్మనీలో 2024 అక్టోబరు నుంచి ఆ గుర్తు ఒక్కటే ఉంటే చెల్లదు. టైరు పక్కభాగంలో మూడు శిఖరాల కొండ, దానిలో మంచురేకు బొమ్మ ఉండాలి. ఆల్ సీజన్ టైరైనా ఆ బొమ్మ ఉంటే ఫర్వాలేదు. ఆస్ట్రియాలో గాడి లోతు కనీసం 4 మిల్లీమీటర్లు. అద్దె కారైతే తాళం తీసుకునేముందే నాలుగూ వంగి చూడండి.

మంచులో జారకుండా టైర్లకి చుట్టే గొలుసులు ఇంజన్ తిప్పే చక్రాలకే వేయాలి. పొడినేల మీద ఒకసారి తొడిగి చూసుకోండి, చీకట్లో మంచులో నేర్చుకోవడం చాలా కష్టం. వేశాక కొద్దిదూరం నడిపి ఆపి మళ్లీ బిగించండి. వదులైతే లోపలివైపు బ్రేకు గొట్టానికి తగిలి కోసేస్తుంది. వేగం గంటకి 50 కిలోమీటర్లు దాటొద్దు, తారు కనబడగానే తీసేయండి.

ముందు అద్దం కడిగే ట్యాంకులో మామూలు నీళ్లుంటే ఖాళీ చేసి, గడ్డకట్టని ద్రవం పోసి, అది నాజిల్ దాకా వచ్చేవరకూ చిమ్మించండి. లేకపోతే ట్యాంకులో బాగానే ఉన్నా గొట్టంలో గడ్డకడుతుంది. లారీలు చిమ్మే ఉప్పునీళ్లకి అద్దం క్షణాల్లో తెల్లబడుతుంది.

డీజిల్ కారైతే కొండెక్కేముందు చలికాలపు డీజిల్ నింపుకోండి, వేసవిలో నింపిన డీజిలే ఉంటే చలికి అందులో మైనం పేరుకుని ఫిల్టర్ మూసుకుంటుంది. ఆస్ట్రియాలో ఇన్స్‌బ్రుక్ దగ్గర ఏ12 రహదారికి విన్యెట్ (రహదారి వాడకానికి ముందే కొనే పాసు) కావాలి, బ్రెన్నర్ వెళ్లే ఏ13 రహదారికి టోల్ వేరే.