అలిగిన బతుకమ్మ నాడు హాలు పిల్లలకివ్వండి

బతుకమ్మ నాడు పూజను ఇంకా పెద్దగా చేయాలని మన కమిటీ అంటోంది కనుక ఈ నాలుగు మాటలు. గత ఏడాది చివరి రోజైన సద్దుల బతుకమ్మ నాడు మన తెలుగు సంఘం కిరాయికి తీసుకున్న స్కూలు హాలులో జరిగింది చాలామంది ఈపాటికి మరిచిపోయి ఉంటారు. పురోహితుడు గౌరీపూజ ముగించాక, పోటీలో గెలిచిన బతుకమ్మలకు బహుమతులు ప్రకటించే ముందు, యువతకు రెండు నిమిషాలు మైకు ఇచ్చారు. పదహారేళ్ల మా అమ్మాయి లేచి, తనకు దేవుడి మీద నమ్మకం ఉందో లేదో ఇంకా తెలియదనీ, అటువంటివాళ్లు బతుకమ్మ ఆడవచ్చా అనీ అడిగింది. హాలంతా నవ్వారు. వేదిక మీది పెద్దాయన "ఇవన్నీ ఇంట్లో అమ్మానాన్నలను అడగాలి తల్లీ" అంటూ మైకు తీసుకుని లక్కీ డ్రా మొదలుపెట్టారు. అమ్మాయి సత్తుపిండికి కూడా ఆగకుండా వెళ్లి కారులో కూర్చుంది. నా బిడ్డ కనుకనే నాకింత బాధ అని మీరనుకుంటే, అది కొంత నిజమే.

అదే మాటను 1988లో హన్మకొండలో, ఇంటర్ చదువుతూ, నేను ప్రశ్నగా కాక తీర్పుగా చెప్పాను. ఆనాటి వరంగల్ కాలేజీ గోడల నిండా విప్లవ నినాదాలుండేవి. సీనియర్ల మాటలు నాలుగు విని, బతుకమ్మ మొదటి రోజైన ఎంగిలిపూల నాటి పొద్దున వాకిట్లో నిలబడి, దేవుడు లేడని ప్రకటించాను. తాంబాళంలో గుమ్మడాకులు పరుస్తున్న నాయనమ్మ తల కూడా ఎత్తలేదు. "లేకుంటే లేకపాయె. గునుగు పూలు ఎవరు తెస్తరు? సైకిల్ తీయి" అన్నది. వడ్డేపల్లి చెరువు దిక్కు వెళ్లి గునుగూ తంగేడూ కోసుకొచ్చి, గునుగు కట్టలను రంగునీళ్లలో ముంచి ఆరబెట్టాను. సోమవారం నాటికి కూడా నా వేళ్లు ఊదారంగుగానే ఉంటే కాలేజీలో ఆ సీనియర్లే నవ్వారు. ఆ ఎంగిలిపూల సాయంత్రం పద్మాక్షి గుట్ట కింద, గుండం దగ్గర, పసుపు ముద్దగా చేసిన గౌరమ్మ ఉన్న మా బతుకమ్మను మోసుకెళ్లింది నేనే. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

మా తాత ఐనవోలు మల్లన్నకు మొక్కేవాడు, మొహర్రంలో పీరీలకు దట్టీ కట్టేవాడు, కాజీపేట దర్గా ఉర్సుకు మమ్మల్ని భుజాల మీద తీసుకెళ్లేవాడు. ఇందులో వైరుధ్యం ఉందని ఆయనకు ఎన్నడూ తోచలేదు. మేడారంలో విగ్రహం లేదు; కోయ పూజారులు చిలకలగుట్ట నుంచి కుంకుమ భరిణె రూపంలో సమ్మక్కను గద్దెకు తెస్తారు, జనం తమ ఎత్తు బెల్లం తూచి దానిని బంగారం అంటారు. అక్కడ మన నమ్మకమేమిటో ఎవరూ విచారించరు.

ఇదంతా చెబుతూ మా ఊరిని మరీ మచ్చలేనట్టు చూపిస్తున్నానేమో. పరకాల దగ్గరి మా పల్లెలో మాదిగవాడ ఆడబిడ్డల బతుకమ్మ వేరే చోట ఆడేవారు. దేవుడు లేడన్న మనవడిని భరించిన నాయనమ్మ, ఆ ఎడాన్ని తప్పనుకున్నట్టు నేనెన్నడూ చూడలేదు.

పూజను పెద్దగా చేయాలనే కమిటీ వాదనను కూడా నేను కొట్టిపారేయను. పిల్లలు చదువుకునే చోట స్నేహితులకు చర్చిలోనో మసీదులోనో కూర్చుని మాట్లాడుకునే యువబృందాలుంటాయి. మనవాళ్లకు ఏడాదికి రెండు డ్యాన్సులు, ఒక లక్కీ డ్రా. ఆ వెలితిని పూజతో నింపాలనుకోవడంలో ప్రేమ ఉంది, మన పిల్లలు మనకు కాకుండా పోతారేమోనన్న భయమూ ఉంది. కానీ ఆ పూజే మన తెలుగుతనానికి గుర్తింపు కార్డు అయితే, డోర్నకల్ నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం మూడేళ్లుగా మన బతుకమ్మకు ఎందుకు రావడం లేదో ఎవరైనా అడిగారా? 1939లో ప్రతిష్ఠించిన వాళ్ల ఊరి కేథడ్రల్‌కు గుడి స్తంభాలూ మసీదు గుమ్మటాలూ ఉన్నాయి. మన హాలులోనే చోటు ఇరుకైంది.

కాబట్టి కమిటీకి నా విన్నపం ఒకటే. తొమ్మిది రోజుల్లో ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఆ నాడు పూలు పేర్చరు, నైవేద్యం పెట్టరు. దేవతకు అలగడానికి ఒక రోజు ఇచ్చిన పండుగ మనది. వచ్చే బతుకమ్మకు ఆ ఒక్క సాయంత్రం హాలును పిల్లలకు ఇవ్వండి. వేదిక వద్దు, మైకు వద్దు, నేల మీద చాపలు చాలు. వాళ్లు దేవుడిని నమ్ముతామని అననీ, నమ్మమని అననీ, అమ్మానాన్నల మీద ఫిర్యాదులే చెప్పుకోనీ. పెద్దలం బయట పార్కింగ్‌లో చాయ తాగుతూ ఉందాం; పిలిస్తేనే లోపలికి వెళదాం.