పల్లవి పట్టుకెళ్ళి చరణం వదిలేసే సినిమా

2023లో అయిదు నెలల తేడాతో రెండు తెలుగు సినిమాలు విడుదలయ్యాయి. ఫిబ్రవరిలో ‘బుట్టబొమ్మ’, జూన్ నెలాఖరున ‘సామజవరగమన’. రెండూ 2020 సంక్రాంతికి వచ్చిన ‘అల వైకుంఠపురములో’ పాటల నుంచి పేర్లు తెచ్చుకున్నవే. మొదటిది వచ్చినంత త్వరగానే వెళ్ళిపోయింది. రెండోది ఇంటిల్లిపాదినీ నవ్వించి నిర్మాతకు నాలుగు డబ్బులు మిగిల్చింది. ఆ పాటల్లోనే సిక్కోలు యాసలో సాగే ‘సిత్తరాల సిరపడు’ కూడా ఉంది. పతాక సన్నివేశంలో అల్లు అర్జున్ కొట్లాట మొత్తాన్ని మోసింది ఆ పాటే. మా ఊళ్ళ మైకుల్లో ఇప్పటికీ మోగుతూనే ఉంది. ‘సిరపడు’ అన్న మాట పోస్టరు మీద చూసుకోవాలని మాత్రం ఏ నిర్మాతకూ అనిపించినట్టు లేదు.

నాకు ఇందులో వింతేమీ కనబడదు. పాట పేరుతో సినిమా తీయడం వెనక ఒక లెక్క ఉంది. కొత్త పేరును జనం నోళ్ళలో నానబెట్టాలంటే ప్రచారానికి ఖర్చవుతుంది. ఆల్రెడీ నానిన పేరైతే ఆ ఖర్చు తప్పుతుంది. గోడ మీద అక్షరాలు చూసిన మరుక్షణం మనకు తెలియకుండానే లోపల బాణీ మొదలవుతుంది. సినిమా ఎవరిదో, కథ ఏమిటో తెలియకముందే సగం పరిచయం అయిపోతుంది. పైగా దీనికి ఎవరికీ పైసా ఇవ్వనక్కర్లేదు. ‘దేశీ బాయ్జ్’ అనే హిందీ సినిమా పేరు మీద నడిచిన వివాదంలో, ఉత్త శీర్షికకు కాపీరైటు వర్తించదని సుప్రీంకోర్టు 2015లో తేల్చింది. 2012 నాటి చట్ట సవరణ పుణ్యమా అని పాట వినిపించిన చోట కవికీ స్వరకర్తకూ రాయల్టీ హక్కు దక్కింది గాని, ఆ పాట మొదటి ముక్క మరో సినిమాకు తలకట్టుగా వెళితే అడిగే దిక్కు లేదు. సినిమా వాణిజ్య మండలిలో పేరు ఖాళీగా ఉందో లేదో చూసుకుంటే చాలు. ‘సామజవరగమన’ పాట రాసిన సిరివెన్నెల సీతారామశాస్త్రి 2021 నవంబరులో వెళ్ళిపోయారు. ఆ పేరుతో సినిమా వచ్చిన సంగతి కూడా ఆయనకు తెలియదు.

ఆ పేరు ప్రయాణం చూడండి. ‘సామజవరగమన’ అంటే మేలైన ఏనుగులాంటి నడక. త్యాగరాజు హిందోళంలో చేసిన కీర్తనలో ఏనుగు నడక కృష్ణుడిది. సిరివెన్నెల పాటలో అదే పిలుపు ప్రియురాలికి వెళ్ళింది. 2023 సినిమాకు వచ్చేసరికి ఆ నడక ఎవరిదీ కాకుండా పోయింది. కొడుకు ఖర్చు పెట్టి తండ్రి చేత డిగ్రీ పరీక్షలు రాయించే కథ అది. హాయిగా నవ్వుకున్నాను, కాదనను. కాని ఆ పేరు తీసేసి మరో పేరు పెట్టినా ఒక్క సన్నివేశం మారదు.

అన్నీ ఇలా ఉండవు. పాట పేరును కథలోకి ఇంకించిన సినిమాలు ఉన్నాయి. ఈ విద్యలో జంధ్యాలను మించినవాడు నాకు కనబడడు. 1957 నాటి ‘మాయాబజార్’ ఒక్కదాని నుంచే ఆయన 1987లో ‘అహ నా పెళ్ళంట’, 1988లో ‘వివాహ భోజనంబు’, ‘చూపులు కలసిన శుభవేళ’ తీశారు. ‘మాయాబజార్’లో ‘అహ నా పెళ్ళంట’ పాడేది అసలు పెళ్ళికూతురు కాదు, శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడు. సావిత్రి ఒంటి మీదికి ఎస్వీ రంగారావు పూనినట్టు ఉంటుంది. జంధ్యాల సినిమాలో రాజేంద్రప్రసాద్ పిల్లనిచ్చే పిసినారి మామ దగ్గర తానూ పిసినారిననే వేషం కట్టి కూర్చుంటాడు. పెళ్ళి కోసం వేషం కట్టడం పాతదానికీ కొత్తదానికీ ఉన్న చుట్టరికం. అందుకే ఆ పేరు అతికించినట్టు ఉండదు. 2002లో వై.వి.ఎస్. చౌదరి ‘లాహిరి లాహిరి లాహిరిలో’ తీసినప్పుడు పాటలోని పడవ దిగిపోయింది, హాయి మాత్రం మిగిలింది.

మా విజయనగరం వాళ్ళకు ఇక్కడ కొంచెం గర్వపడే హక్కు ఉంది. ‘మాయాబజార్’కు మొదట సంగీతం మొదలుపెట్టింది సాలూరు దగ్గర శివరామపురానికి చెందిన సాలూరి రాజేశ్వరరావు. ‘లాహిరి లాహిరి’, ‘చూపులు కలసిన శుభవేళ’ ఆయన బాణీలే. ఆయన తప్పుకున్నాక మిగతా పని చేసి పూర్తిచేసింది ఘంటసాల. ఆయన మాధుకరం ఎత్తుకుని (ఇంటింటా అన్నం అడిగి తిని) సంగీతం నేర్చుకున్నది ఈ ఊరి కళాశాలలోనే. 1919లో మొదలై, ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రధానాచార్యుడిగా ఉన్న సంగీత కళాశాల అది. పి. సుశీల పుట్టింది, చదివింది కూడా ఇక్కడే. 1963 ‘బందిపోటు’లో వీళ్ళిద్దరూ కలిసి ‘ఊహలు గుసగుసలాడే’ పాడారు. 2014లో అవసరాల శ్రీనివాస్ ఆ పేరుతో సినిమా తీశాడు. అందులో కథానాయకుడు తన యజమాని చెవిలో మాటలు అందిస్తుంటాడు, యజమాని వాటినే ఆ అమ్మాయికి అప్పజెబుతుంటాడు. గుసగుసలే కథ అయిపోయాయి. పాట పేరు ఎందుకు వాడుకోవాలో తెలిసి వాడుకోవడమంటే అది. 2015లో క్రాంతి మాధవ్ తీసిన ‘మళ్ళీ మళ్ళీ ఇది రాని రోజు’నూ ఈ వరసలోనే చేర్చాలి. 1986 ‘రాక్షసుడు’లో చిరంజీవి కోసం వేటూరి రాసిన హుషారు యుగళగీతం, దశాబ్దాల తర్వాత కలుసుకున్న ప్రేమికుల కథకు పేరయ్యేసరికి బరువెక్కింది.

ఇదే పద్ధతి హిందీలో మరీ బాహాటంగా సాగుతుంది. ‘దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే’ 1974 నాటి ‘చోర్ మచాయే షోర్’ పాట ముక్క. ‘ఏ దిల్ హై ముష్కిల్’ 1956 ‘సి.ఐ.డి.’ నుంచి వచ్చింది. హాలీవుడ్‌లో ‘ప్రెట్టీ ఉమన్’కు స్క్రిప్టు దశలో ఉన్న పేరు ‘మూడు వేలు’. రాయ్ ఆర్బిసన్ 1964 పాట వచ్చి ఆ అంకెను తోసేసింది. మంచిపనే జరిగింది.

అమెరికా వాళ్ళు మనకంటే ఒక అడుగు ముందుకు వేసి, పాటలో ఉన్న కథనే సినిమాగా తీసే ప్రయత్నం చేశారు. 1967లో బాబీ జెంట్రీ పాడిన ‘ఓడ్ టు బిల్లీ జో’లో ఒక పల్లె కుటుంబం భోజనానికి కూర్చుంటుంది. గిన్నెలు అందుకుంటూ, వడ్డించుకుంటూ, మాటల మధ్యలో ఫలానా కుర్రాడు టాలహాచీ వంతెన మీది నుంచి దూకి చచ్చిపోయాడట అనుకుంటారు. పాడే అమ్మాయికి ముద్ద దిగదు. ఆ అమ్మాయికీ అతనికీ ఏమిటి సంబంధం, ఇద్దరూ కలిసి వంతెన మీది నుంచి నీళ్ళలోకి విసిరింది ఏమిటి, అతను ఎందుకు దూకాడు అన్నది పాట చెప్పదు. 1976లో దాన్ని సినిమాగా తీసినవాళ్ళు అన్నిటికీ జవాబులు చెప్పేశారు. పాట ఇప్పటికీ వింటున్నారు. సినిమాను తలుచుకునేవాళ్ళు తక్కువ. పాట దాచిన చోటే దానికి బలం ఉంటుందని, సినిమా ఆ దాపరికాన్ని కాపాడలేకపోతే రెండు గంటల వివరణగా మిగులుతుందని అక్కడ తెలుస్తుంది.

మనకు కథ చెప్పే పాటలు లేవా? ఉత్తరాంధ్రలో అవే ఎక్కువ. బొబ్బిలి చుట్టుపక్కల ఊళ్ళలో జముకుల కథ చూసినవాళ్ళకు తెలుసు. జముకు చంకలో ఇరికించుకుని తీగ లాగుతుంటే అది మనిషి మూలిగినట్టు మోగుతుంది. కథకుడు బొబ్బిలి కోటలో ఆడవాళ్ళు చావుకు సిద్ధమయ్యే ఘట్టం దాకా తెచ్చి, సరిగ్గా అక్కడ ఆపుతాడు. చెమట తుడుచుకుని, చుట్ట వెలిగించి, ఊరి పెద్ద వైపు చూస్తాడు. చందా పళ్ళెం తిరుగుతుంది. జనంలో ఒక్కరూ లేవరు. ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. 1757 జనవరి 24న కోట కూలుతుంది, తర్వాత తాండ్ర పాపారాయుడు విజయనగరం రాజు గుడారంలోకి దూరి పగ తీర్చుకుంటాడు. తెలిసిన కథ కోసమే కూర్చుంటారు.

1964లో ఎన్టీఆర్ రంగారాయుడిగా ‘బొబ్బిలి యుద్ధం’ వచ్చినప్పుడు సినిమా ఈ నమ్మకం మీదే నిలబడింది. ముగింపు ముందే తెలిసిన ప్రేక్షకుణ్ణి మూడు గంటలు కూర్చోబెట్టడం జముకు పట్టినవాడి విద్య. దానికి సంగీతం కట్టింది కూడా సాలూరి రాజేశ్వరరావే. 1986లో కృష్ణంరాజుతో దాసరి ‘తాండ్ర పాపారాయుడు’ తీశారు. విజయనగరంలో పుట్టి బొబ్బిలిని మెచ్చుకుంటే మా వాళ్ళకు ఇప్పటికీ కొంచెం చిర్రెత్తుతుంది. అయినా అనక తప్పదు, పాటగా బతికిన కథను సినిమా గౌరవంగా తీసుకున్న సందర్భాలివి.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచేది వంగపండు ప్రసాదరావు పాట. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లి వాడు, విశాఖ షిప్‌యార్డులో పనిచేసినవాడు, గద్దర్‌తో కలిసి జననాట్యమండలిని నడిపినవాడు. ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవా’ అనే పల్లవి వింటే ఎవరికైనా ఇదేదో జాతరకు పిలుపు అనిపిస్తుంది. వంగపండు ఎత్తుగడే అది. చరణాల్లోకి వెళితే శ్రీకాకుళం కొండలుంటాయి, కత్తులు దులపరించే చిలకలుంటాయి. 1967లో లేవిడి దగ్గర కోరన్న, మంగన్న తుపాకీ గుళ్ళకు కూలాక రగిలిన గిరిజన రైతాంగ పోరాటం ఉంటుంది. జముకుల కథను ఆ పోరాటానికి గొంతుగా మార్చి 1969లో ప్రాణాలు పోగొట్టుకున్న బొడ్డపాడు సుబ్బారావు పాణిగ్రాహి వారసత్వం ఉంటుంది. ‘ఎల్దమొస్తవా’ అని పిలిచింది ఆ కొండ మీదికి.

సినిమా ఏం చేసింది? 2009లో ‘మగధీర’లో ఆ పల్లవి కుర్రకారు చిందుపాటకు ఎత్తుగడ అయింది. వంగపండు అభ్యంతరం చెప్పారు. మరుసటి ఏడాది తనీష్, ప్రణీతలతో ‘ఏం పిల్లో ఏం పిల్లడో’ అని ఏకంగా సినిమాయే వచ్చింది. దాని దర్శకుడు ఎ.ఎస్. రవికుమార్ చౌదరే 2014లో ‘గబ్బర్ సింగ్’ పాట ముక్కతో ‘పిల్లా నువ్వు లేని జీవితం’ తీశాడు. ఆయన మీద నాకు కోపం లేదు. రెండు పల్లవులూ ఆయనకు ఒకే సరుకుగా కనబడ్డాయి. ఒకటి హాయిగా పాడుకునే ప్రేమపాట, ఇంకొకటి మనుషులు చచ్చిపోయిన కొండదారి. పోస్టరు మీద రెండూ ఒకేలా మెరుస్తాయి.

గురజాడకూ ఇది తప్పలేదు. ‘దేశమంటే మనుషులోయ్’ పేరుతో శోభన్‌బాబు సినిమా 1970లోనే వచ్చింది. అది కనీసం అందరికీ తెలిసిన సూక్తి, పేరు పెట్టుకుంటే నష్టం లేదు. నాకు ఆసక్తి కలిగించేది ‘పుత్తడిబొమ్మ పూర్ణమ్మ’. ముసలి మొగుడికి అమ్ముడుపోయిన పిల్ల పువ్వులు కోసి దుర్గ గుడికి వెళ్ళి తిరిగి రాని కథ. 1955 ‘కన్యాశుల్కం’ సినిమాలో దాన్ని పాటగా పెట్టారు. ఎందుకు చనిపోతోందో పూర్ణమ్మ ఎవరికీ చెప్పదు. నలుగురూ కూర్చుని నవ్వుకునే వేళ తనను తలుచుకోమని మాత్రం అన్నలకూ తమ్ములకూ చెబుతుంది. జెంట్రీ పాటలో అమ్మాయికి ముద్ద దిగకపోవడం లాంటి చోటే ఇదీ. ఆ మౌనాన్ని చెడగొట్టకుండా రెండు గంటలు నడపగలిగిన దర్శకుడికి మా జిల్లాలో ఎన్ని చెరువులు కావాలంటే అన్ని చూపిస్తాం.

ఈమధ్య ఆశ పుట్టించినది 2020లో కరుణకుమార్ తీసిన ‘పలాస 1978’. పేరు పాటది కాదు, ఊరిది. ఆ కథలో అన్నదమ్ములు జానపదం పాడుకునేవాళ్ళు. ‘నాది నక్కిలీసు గొలుసు’ అక్కడి గొంతులో అక్కడి మనుషుల మధ్యే పుడుతుంది. సంగీత దర్శకుడు రఘు కుంచె దానికి పట్నం పూత పూయలేదు. తర్వాత ఆ పాట సినిమాను దాటి ఫోన్లలో, రీళ్ళలో రాష్ట్రమంతా తిరిగింది. నా ఫిర్యాదు సినిమా రెండో సగం మీద. తలలు తెగడం మొదలయ్యాక పాడేవాళ్ళు పాడటం మానేస్తారు, కత్తి పాట చోటు తీసుకుంటుంది. పాట పాడే నోరు నొక్కేస్తేనే కదా కత్తి లేస్తుందని దర్శకుడు అనుకుని ఉండవచ్చు. నాకు మాత్రం ఆ నోరు చివరిదాకా వినబడాల్సింది అనిపించింది.

వంగపండు 2020 ఆగస్టు 4న పార్వతీపురంలో కన్నుమూశారు. ఆయన పల్లవి ఒక చిందుపాటకూ ఒక సినిమా పేరుకూ పనికొచ్చింది. చరణాల జోలికి వచ్చినవాళ్ళు అరుదు. వస్తే ఖర్చు ఎక్కువే అవుతుంది. కొండెక్కాలి, సవర భాష వచ్చినవాళ్ళను వెతకాలి, సెన్సారుకు సమాధానం చెప్పాలి. పేరొక్కటే పట్టుకుపోవడానికి ఇవేవీ అక్కర్లేదు.