నలుగురి అనుమతి లేనిదే మాత్ర మింగరాదు

హెచ్‌ఐవీ పరీక్షకు వెళ్లాలా వద్దా, వెళ్తే ఏ ఊరికి వెళ్లాలి అన్న నిర్ణయాలు దేన్నిబట్టి జరుగుతున్నాయో తేల్చడానికి పరిశోధకులు ప్రశ్నావళులు పట్టుకుని తిరుగుతుంటారు. చదువా, ఆదాయమా, ఆస్పత్రి దూరమా అని అడుగుతుంటారు. ఇంత శ్రమ అనవసరం. తెలుగునాట ఇలాంటివన్నీ నిర్ణయించేది నలుగురు. వారి కార్యాలయం ఎక్కడుందో ఎవరికీ తెలియదు గానీ, వారి ఉత్తర్వు దాటినవాడు మాత్రం లేడు.

ప్రభుత్వం 2004 ఏప్రిల్‌ నుంచి హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇస్తోంది. 2017 నుంచి సీడీ4 (రోగనిరోధక కణాల) లెక్కతో నిమిత్తం లేకుండా, పాజిటివ్ అని తేలగానే మొదలుపెట్టమంటోంది. అయినా సొంత ఊరి ఆస్పత్రిలో తీసుకోవడానికి నలుగురూ ఒప్పుకోరు. అక్కడ ఓపీ చీటీ రాసేది మేనమామ తోడల్లుడు, ఫార్మసీ కిటికీలో కూర్చున్నది పక్కవీధివారి కోడలు. అందుకని మనిషి ఆ రోజు కూలి వదులుకుని, రెండు బస్సులు మారి పొరుగు జిల్లాకు వెళ్తాడు. తీరా చూస్తే వరుసలో ముందు నిలబడ్డది తన ఊరివాడే. చుట్టాన్ని చూడడానికి వచ్చానని ఇద్దరూ ఒకరితో ఒకరు చెప్పుకుని, ఒకరినొకరు నమ్మినట్టే ఉంటారు.

ఇల్లు చేరాక అసలు పని మొదలు. డబ్బా మీది లేబులు బ్లేడుతో గీకాలి. మాత్రలు గలగలమనకుండా పైన దూది కుక్కాలి. దాన్ని బియ్యం డ్రమ్ములో అడుగున, ఆస్పత్రివాళ్లిచ్చిన ఆకుపచ్చ పుస్తకాన్ని బీరువాలో పట్టుచీర మడతలో దాచాలి. సంక్రాంతికి చుట్టాలొచ్చి నాలుగు రోజులుంటే నాలుగు మాత్రలు డ్రమ్ములోనే ఉండిపోతాయి. వైరస్‌కు పండగ సెలవులు లేవన్న సంగతి నలుగురి దృష్టికి ఇంకా రాలేదు.

2000ల తొలినాళ్లలో ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ అని ఎయిడ్స్ అవగాహన కోసం రాష్ట్రమంతా హోర్డింగులు పెట్టారు. ఆ పులిరాజా ఎవరని ఆరా తీయనివాడు లేడు. అతని ఆరోగ్యం మీద ఉన్న ఆ శ్రద్ధ, తమ సంగతికి వచ్చేసరికి ఎందుకో సన్నగిల్లింది.

గర్భిణులకు ఎలాగూ రక్తపరీక్ష చేస్తారు కనుక ఇంట్లో ముందుగా బయటపడేది చాలాసార్లు భార్య ఫలితమే. ముందు బయటపడింది కనుక తెచ్చిందీ ఆమేనని నలుగురు తీర్మానిస్తారు. మందులు వేళకు వాడితే బిడ్డకు సోకే ముప్పును 5 శాతం లోపుకు తగ్గించవచ్చని కౌన్సెలర్ చెబుతూనే ఉంటుంది, అత్తగారు కోడలి పెట్టె సర్దిస్తూనే ఉంటుంది. భర్తను కూడా పరీక్షకు రమ్మంటే, ‘నాకేం, దుక్కలా ఉన్నాను’ అంటాడు. ఈ వైరస్ ఏళ్ల తరబడి ఏ లక్షణమూ చూపకుండా ఒంట్లో ఉండగలదని వైద్యులు అంటారు. వైద్యులు ఎన్నైనా అంటారు!

2018 సెప్టెంబరు 10 నుంచి ఒక చట్టం కూడా అమల్లో ఉంది. దాని ప్రకారం ఒకరి హెచ్‌ఐవీ సంగతిని వారి సమ్మతి లేకుండా బయటపెట్టకూడదు. ఆ కారణంగా ఉద్యోగంలోంచి తీసేయడం, అద్దె ఇల్లు ఇవ్వకపోవడం వంటి వివక్ష చూపకూడదు. దీన్ని చేసేముందు నలుగురిని సంప్రదించినట్టు లేదు. మందులు సక్రమంగా వాడి వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) పరీక్షలో కనబడనంతగా తగ్గినవారి నుంచి శృంగారం ద్వారా కూడా ఇతరులకు సోకదని శాస్త్రం తేల్చింది. నలుగురు మాత్రం మంచినీళ్ల గ్లాసు వేరుగా పెట్టమన్నారు. గ్లాసు వేరయింది.

కాబట్టి నాదొక ప్రతిపాదన. ఎయిడ్స్ నియంత్రణ సంస్థ పాలకవర్గంలో ఈ నలుగురికీ కుర్చీలు వేయాలి, గుర్తింపు కార్డులు ఇవ్వాలి. పొరుగు జిల్లాకు తిరిగిన బస్సు ఛార్జీలు, పోయిన కూలి, దూది ఖర్చుతో సహా బిల్లులన్నీ వారి పేరనే పంపాలి. చెల్లిస్తారనే నా నమ్మకం. పరువుగలవారు కదా.

పెళ్లి సంబంధాల శాఖ కూడా వారిదే. గోత్రం, నక్షత్రం, జీతం చీటీ, తాతగారి పొలం పంపకాల కాగితాలు... ఏవి అడిగినా మర్యాదకు లోటు లేదు. మొన్న ఒకచోట అమ్మాయి, ఇద్దరం రక్తపరీక్ష చేయించుకుందామంది. సంబంధం అక్కడే తప్పిపోయింది. అబ్బాయివాళ్లు ఎందుకు వెనక్కి తగ్గారని ఎవరూ అడగలేదు. పెళ్లికాని పిల్లకు అలాంటి పరీక్షల సంగతి ఎలా తెలిసిందన్న దానిపై విచారణ మాత్రం ఇంకా సాగుతోంది.