ఉగ్రవాదులు ఉదయం 11 గంటలకు విచ్చేసెదరు

మా జిల్లా కేంద్రంలోని విలేకరుల వాట్సాప్ గ్రూపులో ఈమధ్య ఒక ఆహ్వానం ప్రత్యక్షమైంది. శనివారం ఉదయం 11 గంటలకు బస్టాండులో ఉగ్రవాదులు ప్రయాణికులను బందీలుగా పట్టుకొందురనియు, ప్రత్యేక కమాండో దళము వారిని మట్టుపెట్టుననియు, తదుపరి అల్పాహారము కలదనియు, కావున పాత్రికేయ మిత్రులు కెమెరాలతో సకాలమునకు విచ్చేయవలెననియు అందులోని సారాంశం. ముహూర్తం, వేదిక, విందు అన్నీ ఉన్నాయి. బంధుమిత్రుల అభినందనలతో అన్న మాట ఒక్కటే తక్కువైంది. అడుగున ‘ప్రత్యేక దళాల నైపుణ్యాభివృద్ధి కార్యక్రమం’ అని రాసి ఉన్నందున, ప్రజాధనంతో నైపుణ్యం అభివృద్ధి చెందుతుండగా కళ్ళారా చూసే భాగ్యాన్ని వదులుకోరాదని నేనూ వెళ్ళాను.

నేను చేరేసరికి ఉగ్రవాదులు టీ తాగుతున్నారు. ముగ్గురిలో ఇద్దరు కానిస్టేబుళ్ళు, ఒకరు హోంగార్డు. ముఖానికి తువ్వాలు చుట్టుకుంటే టీ దిగదు కనుక ముగ్గురూ దానిని గడ్డం కిందికి లాక్కున్నారు. వారు డబ్బులు ఇవ్వబోతే కాంటీను యజమాని, "ఈ పొద్దు మీతో డబ్బులేంది సామీ" అని పుచ్చుకోలేదు. ముఖ్య అతిథి గంటన్నర ఆలస్యంగా వస్తున్నారని కబురు అందింది. బందీలుగా తెచ్చిన డిగ్రీ విద్యార్థులు సెల్‌ఫోన్లలో మునిగిపోయారు. హోంగార్డు మాత్రం కర్తవ్యనిష్ఠ కలవాడు కావడం చేత, చెక్క తుపాకీ పట్టుకొని మూడో నంబరు ప్లాట్‌ఫారానికి అడ్డంగా నిలబడ్డాడు. కరివేపాకు మూట నెత్తిన పెట్టుకొని వస్తున్న ఒక అవ్వ అతణ్ణి మోచేత్తో నెట్టి, "జరుగు నాయనా, బస్సు పోతాది" అంది. ఉగ్రవాది జరగడమే కాక, మూట అందుకొని బస్సులో పెట్టి, "నిదానంగా ఎక్కవ్వా" అని చెయ్యి కూడా అందించాడు. ఆనాటి కార్యక్రమం మొత్తంలో ప్రజలకు కలిగిన ప్రయోజనం అదొక్కటేనని నేను ప్రమాణపూర్వకంగా చెప్పగలను.

అతిథి వచ్చారు, దాడి మొదలైంది. నల్లదుస్తుల కమాండోలు మేడ మీది నుంచి తాడు పట్టుకొని జారారు. మొదటి అతను నడిమధ్యలో చిక్కుకొని, పైవాళ్ళు ముడి సవరించేదాకా గాలిలో వేలాడాడు. అది కూడా వ్యూహంలో భాగమేమోనన్న అనుమానంతో అతిథి చప్పట్లు కొట్టారు. ఉగ్రవాదులు చచ్చిపోయారు. అయితే ఒక ఫొటోగ్రాఫరు, శవం ముఖం మీద వెలుగు పడలేదని అభ్యంతరం చెప్పడంతో, హతుడు లేచి దుమ్ము దులుపుకొని, ఎండ ఎటుందో చూసుకొని, అటు తిరిగి మళ్ళీ చచ్చాడు. చివరగా ఒక కమాండో పది బంగళా పెంకులను తలతో పగలగొట్టాడు. పెంకులు ఎవరినైనా బందీలుగా పట్టుకున్న సందర్భం ప్రపంచ ఉగ్రవాద చరిత్రలో నాకు కనిపించలేదు. భవిష్యత్తులో అటువంటి ప్రమాదం వస్తే మాత్రం మన జిల్లా సంసిద్ధంగా ఉందని వినయంగా మనవి చేస్తున్నాను.

ఉప్మా తినే వేళకు నా పక్కన కూర్చున్న కమాండో కుర్రవాణ్ణి, ఈ ఏడాది ఫైరింగ్ రేంజికి ఎన్నిసార్లు వెళ్ళావు బాబూ అని అడిగాను. అతను నవ్వి, "ఇది బందోబస్తు సీజన్ కదండీ" అన్నాడు. ఆ బస్టాండుకు వెనకవైపు గేట్లెన్నో, కరెంటు మెయిను ఎక్కడుందో, కాంటీనులో గ్యాస్ సిలిండర్లు ఏ మూలన ఉంటాయో తెలుసునా అని అడుగుదామనుకొని, ఉప్మా చల్లారిపోతుందని ఊరుకున్నాను.

కెమెరాలను పిలిచి చేసే ఈ విద్యకు ఘనమైన పూర్వచరిత్ర ఉంది. 1972 సెప్టెంబరు 5న మ్యూనిక్ ఒలింపిక్ గ్రామంలో పాలస్తీనా ఉగ్రవాదులు ఇజ్రాయెల్ క్రీడాకారులను బందీలుగా పట్టుకున్నప్పుడు, జర్మన్ పోలీసులు క్రీడాకారుల దుస్తులు తొడుక్కొని ఆ భవనం పైకప్పు ఎక్కారు. దానిని టీవీలు ప్రత్యక్షంగా చూపుతుండగా, లోపలి ఉగ్రవాదుల గదిలోనూ టీవీ ఉందన్న సంగతి ఎవరికీ తట్టలేదు. ఆ రాత్రి బందీలతో ఉగ్రవాదులు చేరిన విమానాశ్రయంలో ఎనిమిది మంది ఉగ్రవాదులకు ఐదుగురు గురిగాళ్ళను పెట్టారు. వారి మధ్య మాట్లాడుకోవడానికి రేడియోలు కూడా లేవు. బందీలుగా మిగిలిన తొమ్మిది మందీ చనిపోయారు. జర్మన్లు సిగ్గుపడ్డారు. అదే నెలలో జీఎస్‌జీ 9 అనే పోలీసు దళాన్ని నెలకొల్పి, ఐదేళ్ళపాటు తలుపులు వేసుకొని సాధన చేయించారు. 1977 అక్టోబరు 18న సోమాలియా రాజధాని మొగదిషులో ఆ దళం హైజాకైన విమానంలోకి చొరబడి 86 మంది బందీలనూ ప్రాణాలతో బయటికి తెచ్చింది. ఆ ఐదేళ్ళలో వారు ఎన్ని పెంకులు పగలగొట్టారో చరిత్రకారులు నమోదు చేయలేదు.

ఇది మనకు చేతకాని విద్య అనుకోవడానికి వీల్లేదు. 1989లో పోలీసు అధికారి కె.ఎస్. వ్యాస్ ఆధ్వర్యంలో, నక్సలైట్లను ఎదుర్కోవడానికి ఇక్కడే గ్రేహౌండ్స్ దళం పుట్టింది; ఇతర రాష్ట్రాల పోలీసులు వచ్చి నేర్చుకొని వెళ్ళారు. (ఆ తుపాకులు ఎవరి మీద, ఎలా పేలాయన్న ప్రశ్నలు చిన్నవి కావు, వాటికి వేరే వ్యాసం కావాలి.) అంతటి దళమూ 2008 జూన్ 29న ఒడిశాలోని బలిమెల జలాశయంలో పడవ ఎక్కి, కొండల మీది మావోయిస్టుల కాల్పులకు దొరికిపోయి, 30 మందికి పైగా జవాన్లను పోగొట్టుకుంది. అడవిలో నేర్చిన విద్య నీళ్ళ మీద అక్కరకు రాదని తెలియడానికి అంత మూల్యం పట్టింది. ఇక ఉగ్రవాదులను ఎదుర్కోవడానికని 1984లో నెలకొల్పిన కేంద్ర కమాండో దళం ఎన్‌ఎస్‌జీని నాయకుల కాపలా నుంచి తప్పించాలన్న నిర్ణయం 2024 అక్టోబరుకు గాని తెమలలేదు. బహుశా కారు తలుపు తీయడం కూడా క్లిష్టమైన నైపుణ్యమే అయి ఉంటుంది.

నా వేళాకోళం ఇక్కడికి సరి. 2008 నవంబరు 26 రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో ముంబైలో కాల్పులు మొదలైతే, ఢిల్లీ దగ్గరి మానేసర్‌లో ఉన్న ఎన్‌ఎస్‌జీ ముంబైలో దిగేసరికి తెల్లవారుతోంది. ఆ మొదటి గంటల్లో ఆ నగరాన్ని కాసింది ఎవరు? ఛత్రపతి శివాజీ టెర్మినస్‌లో ఏకే-47ల ముందు కాలం చెల్లిన .303 రైఫిళ్ళతో, లాఠీలతో నిలబడిన మామూలు పోలీసులు. గిర్గావ్ చౌపాటీ దగ్గర తుకారాం ఓంబ్లే అనే ఏఎస్సై చేతిలో ఉన్నది లాఠీ. ఆయన కసబ్ తుపాకీ గొట్టాన్ని రెండు చేతులతో పట్టుకొని, తూటాలు తన కడుపులోకి దిగుతున్నా వదల్లేదు. ఆయనకు అశోకచక్ర ఇచ్చాం. బతికుండగా తూటాలను ఆపే చొక్కా అయినా ఇచ్చామా? కమాండోలు హెలికాప్టర్ నుంచి నారీమన్ హౌస్ మీదికి దిగుతుంటే మన ఛానళ్ళు ప్రత్యక్ష ప్రసారం చేశాయి, సరిహద్దు అవతల కూర్చున్నవాళ్ళు అది చూస్తూ ఫోన్లలో తమవాళ్ళకు దారి చెప్పారు. అంతకు 36 ఏళ్ళ క్రితం మ్యూనిక్‌లో జరిగిన సిగ్గుమాలిన పనే అది! సుప్రీంకోర్టు 2012లో ఛానళ్ళను కడిగేసింది. ఇటువంటి ఆపరేషన్లను ప్రత్యక్షంగా చూపరాదన్న నిబంధన 2015లో గాని రాలేదు. అన్నీ అయ్యాక మనం నేర్చుకున్నది ఏమిటయ్యా అంటే, కెమెరాలకు ముందు రోజే కబురు పెట్టడం.

మర్నాడు పత్రికలో ‘ఉగ్రవాదుల ఆటకట్టు’ అన్న శీర్షికతో నాలుగు కాలమ్‌ల ఫొటో వచ్చింది; శవం ముఖం మీద వెలుగు చక్కగా పడింది. సాయంత్రం కూడలిలో ట్రాఫిక్ ఆపుతున్న హోంగార్డు నన్ను గుర్తుపట్టి, తువ్వాలుతో చెమట తుడుచుకుంటూ, "నేను చచ్చింది పడలేదు కదా సార్, వాడిదే వేశారు" అన్నాడు. మేడ మీద కట్టిన తాడును ఎవరూ విప్పుకొని పోలేదు. కాంటీనువాళ్ళు దాని కొసను ఎదుటి స్తంభానికి లాగి కట్టి, బట్టలు ఆరేసుకుంటున్నారు.