క్రియాటినిన్ తగ్గగానే మందు గెలిచిందనకండి

షుగర్ వల్ల కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకి కొత్త మందు వస్తోందంటే చాలు, "క్రియాటినిన్ ఎంత తగ్గుతుంది?" అన్నదే అందరి మొదటి ప్రశ్న. (క్రియాటినిన్ అంటే కండల నుంచి రక్తంలోకి వచ్చే వ్యర్థం, కిడ్నీ దాన్ని వడకట్టి బయటకు పంపుతుంది.) ఆ ఒక్క అంకెను నమ్ముకుంటే ఏమవుతుందో బార్డాక్సలోన్ అనే మందు చూపించింది. ఈజీఎఫ్‌ఆర్ (క్రియాటినిన్‌ని బట్టి లెక్కగట్టే కిడ్నీ వడపోత వేగం, క్రియాటినిన్ తగ్గితే ఇది పెరుగుతుంది) 15-30 మధ్య ఉన్న 2,185 మంది టైప్ 2 షుగర్ పేషెంట్ల మీద దాన్ని పరీక్షించారు. మందు వేసుకున్నవాళ్లలో ఈజీఎఫ్‌ఆర్ సగటున 5.5 పెరిగింది. రిపోర్టు చూస్తే కిడ్నీ బాగుపడినట్టే! కానీ వాళ్లలోనే బీపీ పెరిగింది, మూత్రంలో ఆల్బుమిన్ (కిడ్నీ దెబ్బతింటే మూత్రంలోకి కారే ప్రొటీన్) పెరిగింది. హార్ట్ ఫెయిల్యూర్‌తో ఆస్పత్రిలో చేరిన లేదా చనిపోయినవాళ్లు 96 మంది. ప్లసీబో (మందు లేని ఉత్తుత్తి మాత్ర) వాళ్లలో 55. డయాలసిస్ గండం తప్పిందా అంటే అదీ లేదు. 2012 అక్టోబరులో ట్రయల్ ఆపేశారు.

కెనాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మందుది సరిగ్గా దీనికి తిరగబడ్డ కథ. 4,401 మందితో చేసిన క్రెడెన్స్ ట్రయల్‌లో మొదటి మూడు వారాల్లో మందు వాళ్ల ఈజీఎఫ్‌ఆర్ 3.72 పడిపోయింది, ప్లసీబో వాళ్లది 0.55 మాత్రమే. నెల రోజులకే లెక్క తేల్చి ఉంటే దీన్ని విషం అనేవాళ్లు. ఈ మందు వల్ల కిడ్నీ గొట్టాల్లోకి సోడియం ఎక్కువ చేరుతుంది, దాంతో రక్తాన్ని వడకట్టే సన్న నాళాల గుచ్ఛంలోకి రక్తం తెచ్చే నాళం కాస్త బిగుసుకుంటుంది, లోపలి ఒత్తిడి దిగుతుంది. మొదట్లో అంకె పడేది అందుకే. ఆ తర్వాత ఏడాదికి ఈజీఎఫ్‌ఆర్ తగ్గుదల మందు వాళ్లలో 1.85, ప్లసీబో వాళ్లలో 4.59. మొదట్లో ఇలా కాస్త పడిందని భయపడి, డాక్టర్‌ని అడగకుండా టాబ్లెట్ మానేయకండి, దయచేసి.

అందుకే ట్రయల్ ఫలితం చూసేటప్పుడు క్రియాటినిన్ కన్నా ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి. ట్రయల్‌లో చేరే ముందే అందరూ ఏసీఈ ఇన్హిబిటర్ గానీ ఏఆర్‌బీ గానీ (రెండూ కిడ్నీని కూడా కాపాడే బీపీ మందులు) తట్టుకోగలిగినంత పూర్తి డోసులో, కనీసం నాలుగు వారాలుగా వాడుతున్నారా? మధ్యలో ఆ డోసు మారితే ఏ మందు పనిచేసిందో ఎవరూ చెప్పలేరు. ఈజీఎఫ్‌ఆర్ పతనాన్ని నెల తర్వాత మళ్లీ టెస్టు చేసి ఖాయపరిచారా? విరేచనాలు పట్టుకున్నా, నొప్పి మాత్రలు వేసుకున్నా క్రియాటినిన్ తాత్కాలికంగా ఎగబాకుతుంది. బరువు తగ్గించే మందైతే ఇంకో చిక్కు: కండ కరిగితే కిడ్నీ మెరుగుపడకపోయినా క్రియాటినిన్ తగ్గుతుంది. అక్కడ సిస్టాటిన్ సీ (కండ మీద అంతగా ఆధారపడని, కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) కూడా కొలవకపోతే ఆ ఫలితాన్ని నేను నమ్మను.

ఆల్బుమిన్‌కి పొద్దున్నే మొదటి మూత్రం తీసుకోవాలి, అదీ ఒక్కసారి చాలదు. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, ముందురోజు చేసిన గట్టి వ్యాయామం, ఏదైనా సరే అంకెను పెంచేస్తుంది.

రక్తంలో పొటాషియం సంగతి మరీ ముఖ్యం, అది ఎక్కువైతే గుండెకి ప్రమాదం. షుగర్ కిడ్నీ జబ్బుకి వాడే ఫినెరినోన్ అనే మందు ట్రయల్ ఫిడీలియోలో పొటాషియం 4.8 దాటినవాళ్లని మొదటే చేర్చుకోలేదు. అంత జాగ్రత్త పడినా పొటాషియం పెరిగి మందు ఆపాల్సి వచ్చినవాళ్లు 2.3 శాతం, ప్లసీబోలో 0.9 శాతం. 5.2తో వచ్చే పేషెంట్‌కి ఈ లెక్క యథాతథంగా వర్తించదు.

ట్రయల్ చివర్లో మందు ఆపిన కొన్ని వారాలకి ఈజీఎఫ్‌ఆర్ మళ్లీ కొలిచారో లేదో కూడా వెతకండి. మొదట్లో పడినది అప్పుడు తిరిగి లేస్తే అది ఒత్తిడి మార్పు. లేవకపోతే కిడ్నీ కణజాలం పోయి ఉండొచ్చు.